‘క్లిక్’ వినిపిస్తే చాలదు: యాషికా ఎలక్ట్రో 35ని మీ ఫోన్‌తోనే టెస్ట్ చేయండి

పాత ఫిల్మ్ కెమెరా కొందామని వెతికేవాళ్లకి తరచుగా ఎదురయ్యే మోడల్స్‌లో యాషికా ఎలక్ట్రో 35 ఒకటి. అమ్మేవాళ్లు “వర్కింగ్ కండిషన్ బ్రో, చూడు” అంటూ లివర్ తిప్పి బటన్ నొక్కుతారు. క్లిక్‌మంటుంది. మనం డబ్బులు తీసేస్తాం. కానీ ఈ కెమెరా విషయంలో ఆ క్లిక్ ఏమీ రుజువు చేయదు. ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

1966లో జపాన్‌లో వచ్చినప్పుడు ఇది నిజంగానే హైటెక్ గ్యాడ్జెట్. ముందు 45 ఎంఎం ఎఫ్/1.7 లెన్స్ ఉంటుంది. మీరు అపెర్చర్ పెడితే చాలు, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో సర్క్యూట్ చూసుకుంటుంది. మన ఫోన్ల ప్రో మోడ్ భాషలో చెప్పాలంటే అపెర్చర్ ప్రయారిటీ. లైట్ సెన్సర్ చెప్పినంత సేపు ఒక విద్యుదయస్కాంతం షట్టర్‌ని పట్టుకుని ఉంచుతుంది, తర్వాత వదిలేస్తుంది. బ్యాటరీ లేకపోతే పట్టుకునేవాళ్లే లేరు కాబట్టి షట్టర్ తెరుచుకున్న వెంటనే 1/500 సెకనులో మూసుకుపోతుంది. అంటే సర్క్యూట్ మొత్తం చచ్చిపోయిన కెమెరా కూడా చక్కగా క్లిక్‌మంటుంది! సాయంత్రం ఇంట్లో 1/30 సెకను కావాల్సిన చోట 1/500తో తీస్తే ఫిల్మ్‌కి అందే వెలుతురు సుమారు 16 రెట్లు తక్కువ. రోలు, డెవలపింగ్, స్కానింగ్ ఖర్చు మొత్తం గంగలో కలిసినట్టే.

అందుకే టెస్ట్‌కి వెళ్లేటప్పుడు బ్యాటరీ మీరే తీసుకెళ్లండి. దీని అసలు బ్యాటరీ 5.6 వోల్టుల మెర్క్యురీ సెల్, అది ఇప్పుడు తయారు కావడం లేదు. 6 వోల్టుల 4ఎల్‌ఆర్44 వేస్తే పని జరుగుతుంది. సైజు చిన్నది కాబట్టి ఒక ప్లాస్టిక్ గొట్టం, స్ప్రింగ్ ఉన్న అడాప్టర్ కావాలి. వేసేముందు బ్యాటరీ గదిలోకి ఫోన్ టార్చ్ వేసి చూడండి. తెల్లగా, పచ్చగా పొడి కట్టి ఉంటే బ్యాటరీ కారిందని అర్థం. పైన కనిపించే తుప్పుని వెనిగర్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవొచ్చు కానీ, లోపల వైరు కూడా తినేసి ఉంటే సోల్డరింగ్ పని పడుతుంది. పాత మెర్క్యురీ సెల్ లోపలే ఉండిపోయి ఉంటే వట్టి చేత్తో ముట్టుకోవద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

బ్యాటరీ వేశాక వెనకాల ఉన్న చెక్ బటన్ నొక్కితే దీపం వెలగాలి. ఆ తర్వాత లివర్ నెమ్మదిగా పూర్తిగా తిప్పుతూ చెవి పెట్టి వినండి. చివర్లో ‘టక్’ అని ఒక బరువైన శబ్దం రావాలి. రాలేదంటే లోపల ఒక చిన్న రబ్బరు ముక్క కరిగిపోయి ఉండొచ్చు. ఈ కెమెరా అభిమానులు దానికి ‘ప్యాడ్ ఆఫ్ డెత్’ అని పేరు పెట్టుకున్నారు. పేరుకి భయపడక్కర్లేదు, కొత్త ముక్క పెట్టించుకోవచ్చు. కాకపోతే టాప్ కవర్ విప్పాలి. మొదటి కెమెరా మీదే ఆ ప్రయోగం చేయకండి, తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగడం న్యాయమే.

ఇప్పుడు అసలు టెస్ట్. వెనక తలుపు తెరిచి, కెమెరాని పగటి వెలుతురున్న కిటికీ వైపు పెట్టండి. వెనక నుంచి ఫోన్‌తో 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ తీయండి. ఎల్‌ఈడీ బల్బు వద్దు, అది ఆడుతుంది, లెక్క తప్పుతుంది. ముందు రింగుని ఫ్లాష్ గుర్తు మీద పెట్టి నొక్కండి. అక్కడ స్పీడ్ 1/30కి ఫిక్స్. కాబట్టి వెలుగు కనిపించే ఫ్రేములు 8 దగ్గర ఉండాలి. తర్వాత ఆటోలో పెట్టి, కెమెరా కదలకుండా అపెర్చర్ ఒక్కటే మార్చుకుంటూ వెళ్లండి. ఎఫ్/5.6 దగ్గర 8 ఫ్రేములు వచ్చాయనుకోండి, ఎఫ్/8 దగ్గర 16, ఎఫ్/11 దగ్గర 32 రావాలి. ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. అపెర్చర్ ఎంత మార్చినా లెక్క కదలకపోతే సర్క్యూట్ పని చేయడం లేదు. ఒక్క ఫ్రేములోనే వెలుగు మెరిసి పోతే అది 1/500. అన్నట్టు, కొన్ని ఫోన్లలో కనిపించే 960 ఎఫ్‌పీఎస్ నిజమైనది కాకపోవచ్చు, మధ్య ఫ్రేములు సాఫ్ట్‌వేర్ పుట్టించినవి కావచ్చు. ఈ పనికి అసలైన 240 చాలు.

లెన్స్‌కి ముందు నుంచి, వెనక నుంచి టార్చ్ వేయండి. బీ మోడ్‌లో షట్టర్ తెరిచి పట్టుకుంటే లోపలంతా కనిపిస్తుంది. దుమ్ము చుక్కలు పట్టించుకోకండి. సాలెగూడులా, చెట్టు వేళ్లలా పాకిన గీతలు ఉంటే ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల తేమలో బీరువాలో ఏళ్లు పడున్న లెన్సులకి ఇది మామూలు జబ్బే. అంచున కొద్దిగా ఉంటే శుభ్రం చేయించొచ్చు. కోటింగ్‌ని తినేసి అద్దం మీద మచ్చ పడితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంట్లో మీరే చేసుకోగల మంచి రిపేర్ ఒకటుంది: లైట్ సీల్స్. వెనక తలుపు గాడుల్లో ఉండే ఫోమ్ ఇన్నేళ్లకి తారులా జిగురెక్కిపోతుంది, ఫొటోలో ఎర్రటి చారలు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన టూత్‌పిక్‌తో ఓపిగ్గా గీకండి. ముక్కలు లోపల పడకుండా కెమెరాని బోర్లించి పట్టుకోండి. గాడి శుభ్రమయ్యాక నల్లటి ఉన్ని దారం నొక్కి కూర్చినా సరిపోతుంది. ఇదంతా అయ్యాక గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. పాత తోలు కేస్‌లో మాత్రం పెట్టొద్దు. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ, తేమని పట్టి ఉంచేది, ఫంగస్‌కి ఇల్లు ఇచ్చేది అదే.