లెక్క అడగండి, తీర్పు చెప్పకండి

హైదరాబాద్ శివార్లలోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఒక గృహిణి ఉత్తరం రాశారు. వాళ్లాయన ఫ్లాట్ల సంఘానికి ట్రెజరర్. జనరేటర్ రిపేరుకు చూపిన ఖర్చు మరీ ఎక్కువగా ఉందని ఎవరికో అనుమానం వచ్చింది. మర్నాడు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో చుట్టూ ఎర్ర గీత గీసి, 'మన డబ్బు మింగిన దొంగ ఇతనే' అని పెట్టారు. సాయంత్రానికి అదే ఫొటో ప్రింటు తీసి లిఫ్ట్‌లో అంటించారు. "పాలబ్బాయి కూడా అడుగుతున్నాడండీ. పిల్లాడు ఆడుకోవడానికి కిందికి వెళ్లనంటున్నాడు. మావారు తప్పు చేయలేదని మేమెలా రుజువు చేసుకోవాలి? మెసేజ్ పెట్టినావిడ సంగతులు మాకూ కొన్ని తెలుసు, గ్రూపులో పెట్టమంటారా?" అని అడిగారు.

అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతాను. పెట్టకండి. ఇప్పటివరకు న్యాయం మీ వైపు ఉండి ఉండవచ్చు. ఆ మెసేజ్ పెట్టిన క్షణాన మీ మీద కేసుకు కావలసిన ఆధారం మీ చేతులతోనే ఇచ్చినవాళ్లవుతారు.

ఇక రుజువు సంగతి. శమంతకమణి కోసం నీలాపనింద మోసిన శ్రీకృష్ణుడు తానే అడవికి వెళ్లి, అడుగుజాడలు పట్టుకుని జాంబవంతుడి గుహ దాకా ఆధారం వెతుక్కోవలసి వచ్చింది. నేటి చట్టంలో ఆ వెతుకులాట నింద వేసినవారి పని. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 104వ సెక్షన్ ప్రకారం, ఒక విషయం నిజమని కోర్టును ఎవరు నమ్మమంటారో దాన్ని రుజువు చేసే భారం వారిదే. క్రిమినల్ కేసులో సందేహానికి తావు లేకుండా నేరం రుజువు చేయవలసింది ప్రాసిక్యూషన్. చెల్లని చెక్కు, వరకట్న మరణం, పోక్సో లాంటి కొన్ని కేసుల్లో చట్టమే నిందితుడి మీద కొంత భారం మోపుతుంది. అక్కడ కూడా ముందు పునాది వేయవలసింది ఫిర్యాదు పక్షమే.

"నిప్పు లేనిదే పొగ రాదు" అనేవాళ్లకు నేను ఎప్పుడూ ఒక కేసు గుర్తుచేస్తాను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థినిపై అత్యాచారం చేసి చంపేశారు. (అత్యాచార బాధితుల పేరు బయటపెట్టడం నేరం, కనుక ఇక్కడ రాయడం లేదు.) రాష్ట్రమంతా అట్టుడికింది. దోషిని పట్టుకోరా అని పోలీసుల మీద ఒత్తిడి పెరిగింది. 2008లో ఒక పేద యువకుణ్ని అరెస్టు చేసి టీవీల ముందు నిలబెట్టారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017లో ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, అతనికి లక్ష రూపాయలు చెల్లించమంది. అతని వయసులో మంచి రోజులన్నీ జైల్లోనే పోయాయి. ఆ కేసులో నన్ను ఎక్కువగా కదిలించింది బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఇతను హంతకుడు కాడని ఆమె మొదటినుంచీ చెబుతూనే ఉంది. అమాయకుణ్ని లోపల వేస్తే ఆ తల్లికి న్యాయం జరగలేదు సరికదా, అసలు హంతకుడికి అన్నేళ్ల వ్యవధి దొరికింది. నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అన్న సూత్రం నేరస్థుల కోసం పెట్టిందని చాలామంది అనుకుంటారు. బాధితులకూ అది అంతే అవసరం.

అయితే ఈ సూత్రం గురించి మీకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. ఇది ముఖ్యంగా కోర్టులను, పోలీసులను, ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. పక్క ఫ్లాట్ వాళ్లు మీవారిని నమ్మి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. జనరల్ బాడీ సమావేశం పెట్టి, బైలా ప్రకారం ఆయన్ని ట్రెజరర్ పదవి నుంచి తప్పించవచ్చు. ఆడిట్ చేయించవచ్చు. సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే వివాదాన్ని జిల్లా కోర్టుకు తీసుకెళ్లవచ్చు. డబ్బు నిజంగా పక్కదారి పట్టిందనిపిస్తే నమ్మకద్రోహం కింద పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇవన్నీ వాళ్ల హక్కులు. మెయింటెనెన్స్ కట్టే ప్రతి మనిషికీ వోచర్లు చూపించమని అడిగే హక్కుంది. అడిగినవాళ్లను శత్రువుల్లా చూడకండి.

పరువునష్టం నేరాన్ని చెప్పే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కూడా వాళ్లకు కొంత రక్షణ ఇస్తుంది. అధికారం ఉన్నవారికి సద్బుద్ధితో చేసిన ఫిర్యాదు పరువునష్టం కాదు. తమ ప్రయోజనం కాపాడుకోవడానికి సద్బుద్ధితో అన్న మాటా కాదు. నిజమైన మాట ప్రజల మేలు కోసం అంటే అదీ కాదు. 'ఈ బిల్లు ఎక్కువగా ఉంది, వివరాలు కావాలి' అన్న మెసేజ్ మీద మీరు కేసు వేస్తే నిలవదు. విచారణ లేకుండా 'దొంగ ఇతనే' అని తేల్చి, ఎర్ర గీత గీసి, పాలబ్బాయి కంట కూడా పడేలా లిఫ్ట్‌లో అంటించడం వేరు. అక్కడ సద్బుద్ధి ఉందని చెప్పుకోవడం కష్టం. పరువు కూడా 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని 2016లో సుబ్రమణియన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ నేరానికి రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కాదంటే సమాజ సేవ శిక్షగా వేయవచ్చు.

ఇలా రాశానని నోరెత్తిన ప్రతివాళ్ల మీదా పరువునష్టం కేసు వేయవచ్చని ఎవరూ అనుకోవద్దు. లైంగిక వేధింపుల గురించి బయటపెట్టిన జర్నలిస్టు ప్రియా రమణి మీద మాజీ కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ వేసిన కేసును 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు కొట్టేసింది. ఏళ్లు గడిచాక కూడా, తనకు నచ్చిన వేదిక మీద స్త్రీ తన బాధ చెప్పుకోవచ్చని స్పష్టంగా అంది. తనకు జరిగిందాన్ని తాను చెప్పుకోవడం వేరు, ఎవరో పంపిన ఫొటోను నిజానిజాలు చూడకుండా పదిమందికి తోయడం వేరు. ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదైతే, వాటి మీదున్న 2013 చట్టం ఫిర్యాదుదారు పేరుతో పాటు ఆరోపణ ఎదుర్కొనే వ్యక్తి పేరు కూడా ప్రచురించకూడదంటుంది. ఆరోపణ నిరూపించలేకపోయినంత మాత్రాన ఆమెది తప్పుడు ఫిర్యాదు అనడానికీ ఆ చట్టం ఒప్పుకోదు.

ఇక మీరు చేయవలసినవి. బ్యాంకు స్టేట్‌మెంటు, మెకానిక్ ఇచ్చిన బిల్లు, కమిటీ తీర్మానం పెట్టి, ఆడిట్‌కు సిద్ధమని మీవారి సంతకంతో అధ్యక్షుడికి ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రుజువు చేసుకునే బాధ్యత లేకపోయినా, లెక్క చెప్పే బాధ్యత ట్రెజరర్‌కు ఉంది. లిఫ్ట్‌లోని కాగితం చింపేముందు తేదీ తెలిసేలా ఫొటో తీయండి. సీసీ కెమెరా ఫుటేజీ చెరిపేయవద్దని ఈరోజే రాసివ్వండి. స్క్రీన్‌షాట్ ఒక్కటీ చాలదు. మెసేజ్ ఉన్న ఫోన్‌ను అలాగే ఉంచండి, గ్రూపులోంచి బయటికి రాకండి. కోర్టులో ఆ మెసేజ్‌ను ఆధారంగా పెట్టాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

తర్వాత లాయరు ద్వారా నోటీసు పంపించండి. తప్పు ఒప్పుకుని అదే గ్రూపులో క్షమాపణ పెడితే అంతటితో వదిలేయమనే నా సలహా. ఒకే మెట్ల మీద ఎక్కి దిగవలసినవాళ్లు మీరంతా. ఒప్పుకోకపోతే దారులు రెండు. క్రిమినల్ కేసుకు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి లాభం లేదు, మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి, దానికి గడువు మూడేళ్లు. నష్టపరిహారం కోసం సివిల్ దావాకు గడువు ఒక్క ఏడాదే. పరువు పోయింది మీవారిది కాబట్టి దావా ఆయన పేరు మీదే ఉండాలి. ఆ ఏడాది మెసేజ్ గ్రూపులో పడిన రోజు నుంచే లెక్క. సంఘం ఆడిట్ తేలేదాకా ఆగుదామని కూర్చుంటే ఆ గడువు మీ కోసం ఆగదు.