ఇంటి వడ్రంగి పనికి బ్యాండ్ సా: ఎంపికలో గమనించవలసిన విషయాలు

బాడిస, ఉలి, చేతిరంపం, చిత్రిక: తరతరాలుగా మన వడ్రంగి ఆస్తి ఇదే. ఇప్పుడు స్వయం ఉపాధి కోరే యువకులు, ఉద్యోగ విరమణ చేసినవారు కూడా ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న వర్క్‌షాపు పెట్టుకుంటున్నారు. వారు కొనదలచే పెద్ద యంత్రాలలో బ్యాండ్ సా ముఖ్యమైనది. కొట్టుకు వెళ్ళగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న "మోటారు ఎన్ని హార్స్ పవర్లు?" అని. నిజానికి అది చివర అడగవలసిన ప్రశ్న. ముందు పని, తరువాత చక్రం, ఆ తరువాత బ్లేడు, చివరకు మోటారు. ఈ వరుస తప్పితే డబ్బు, కలప రెండూ దండుగ.

యంత్రం పుట్టుక

రెండు చక్రాల మీద ఎడతెగకుండా తిరిగే పళ్ళున్న ఉక్కుపట్టీయే బ్యాండ్ సా. ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1808లో దీనికి పేటెంటు పొందాడు. కాని పట్టీ రెండు కొసలను కలిపే అతుకు నిలిచేది కాదు. అందువల్ల ఆ ఊహ దశాబ్దాలపాటు మూలపడింది. ఫ్రాన్సులో క్రెపిన్ అనే మహిళ 1846లో అతుకు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్న తరువాతే ఈ యంత్రం నిలదొక్కుకుంది. అంటే ఈ యంత్రానికి ప్రాణం మోటారులో లేదు, బ్లేడులో ఉంది.

కలప పొదుపు

ఒక చిన్న లెక్క చూద్దాం. 50 మిల్లీమీటర్ల మందం గల టేకు దిమ్మెను 6 మిల్లీమీటర్ల పలకలుగా చీల్చాలి. గుండ్రటి రంపం ఒక్కో కోతకు 3 మిల్లీమీటర్లు పొట్టు చేస్తుందనుకుంటే 5 పలకలే వస్తాయి. బ్యాండ్ సా కోత 1 మిల్లీమీటరు అనుకుంటే 7 వస్తాయి. చిత్రిక పట్టడానికి పోయే భాగం వేరే లెక్క. అయినా టేకు ధర తెలిసినవారికి ఆ రెండు పలకల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పని, చక్రం

యంత్రం సైజు అంటే చక్రం వ్యాసం. 14 అంగుళాల యంత్రంలో బ్లేడుకూ స్తంభానికీ మధ్య అంతకంటె కొంచెం తక్కువ జాగా ఉంటుంది. పోతపోసిన ఇనుప చట్రం గల ఈ సైజు యంత్రాలు సాధారణంగా 6 అంగుళాల ఎత్తు వరకు కోస్తాయి. బొమ్మలు, కుర్చీ కాళ్ళు, వంపు పనులు చేసేవారికి ఇది చాలు. వెడల్పు పలకలు చీల్చేవారు మాత్రం కోత ఎత్తును కొలిచి మరీ కొనాలి.

చిన్న చక్రం మీద మందపు బ్లేడు ఎందుకు నిలవదో ఇంజనీరింగు విద్యార్థులు సులభంగా గ్రహించగలరు. బ్లేడు మందాన్ని చక్రం వ్యాసంతో భాగించి, ఉక్కు యంగ్ గుణకంతో హెచ్చిస్తే వంపు వల్ల కలిగే ప్రతిబలం వస్తుంది. 14 అంగుళాల చక్రం మీద 0.5 మిల్లీమీటర్ల బ్లేడుకు అది చదరపు మిల్లీమీటరుకు సుమారు 280 న్యూటన్లు. 0.9 మిల్లీమీటర్ల బ్లేడుకైతే 500 దాటుతుంది. పైగా 93½ అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 అడుగుల వేగంతో పరుగెత్తితే 385 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు రెండుసార్లు చొప్పున 770 సార్లు వంగి మళ్ళీ నిటారవుతుంది. తీగను అటూ ఇటూ వంచి తుంచినట్లే బ్లేడు కూడా అలసి తెగుతుంది. "మందంగా ఉంటే మన్నుతుంది" అనే మాట ఇక్కడ చెల్లదు.

బ్లేడు

వంపు కోతకు సన్న బ్లేడు, తిన్నని కోతకు వెడల్పు బ్లేడు. పావు అంగుళం బ్లేడుతో సుమారు 5/8 అంగుళం వ్యాసార్థం గల వంపు తిప్పవచ్చు. అర అంగుళం బ్లేడుకు సుమారు రెండున్నర అంగుళాల వ్యాసార్థం కావాలి. అంతకు మించి బలవంతం చేస్తే బ్లేడు మెలి పడుతుంది.

ఇక పళ్ళు. ఎప్పుడూ కనీసం మూడు పళ్ళయినా చెక్కలో ఉండాలి. అలాగని ఎక్కువ పళ్ళు మేలనుకోరాదు. అంగుళానికి 10 పళ్ళున్న బ్లేడుతో 6 అంగుళాల చెక్క కోస్తే ఒకేసారి 60 పళ్ళు లోపల ఉంటాయి. పొట్టు బయటకు పోయే దారి లేక బ్లేడు వేడెక్కి పక్కదారి పడుతుంది. లావు చెక్కకు అంగుళానికి 3 పళ్ళు, అర అంగుళం పలకకు 10 పళ్ళు సరిపోతాయి.

మోటారు

మామూలు వంపు పనికి ముప్పావు నుంచి ఒక హార్స్ పవర్, 6 అంగుళాల గట్టి కర్ర చీల్చడానికి ఒకటిన్నర. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. కొట్టువాడు మూడు ఫేజుల మోటారు చవకగా ఇస్తానన్నా ఇంటి కనెక్షను సింగిల్ ఫేజు అయితే అది పనికిరాదు. మోటారు స్టార్టయ్యేటప్పుడు కరెంటు మామూలుకంటె అనేక రెట్లు లాగుతుంది. కనుక తగిన వైరింగు, స్టార్టరు, గట్టి ఎర్తు తప్పనిసరి.

కొట్టులో పరీక్ష

కొత్తదైనా పాతదైనా తలుపులు తెరిచి పై చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. అది ఊగరాదు, బేరింగు గరగరమనరాదు, రబ్బరు పగిలి ఉండరాదు. బ్లేడు ఎక్కించి నడిపించమనండి. టేబులు మీద రూపాయి నాణేన్ని అంచున నిలబెట్టండి. యంత్రం పూర్తి వేగంలో తిరుగుతుండగా అది నిలబడితే అదురు తక్కువని అర్థం.

ఇంటివారి క్షేమం

పై గైడును చెక్కకు పావు అంగుళం ఎత్తులో దించి కోయాలి. వేళ్ళతో కాక కర్రతో చెక్కను తోయాలి. గుండ్రటి దుంగను ఆధారం లేకుండా కోస్తే దొర్లి చేతిని లోపలికి లాగుతుంది. వేలాడే తువ్వాలు, వదులు చేతుల చొక్కా, చేతి తొడుగులు పనికిరావు. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ కలప పొడిని మనుషులకు కేన్సర్ కలిగించే పదార్థాలలో చేర్చింది. పక్కగదిలో పసిపిల్లలు నిద్రించే ఇంట్లో పొట్టును పీల్చే గొట్టం లేని యంత్రం ఎంత చవకైనా ఖరీదైనదే.

మరొక మాట. కలప ఆధారిత పరిశ్రమలపై కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు వెలువరించింది. కోత మిషన్లకు అటవీశాఖ లైసెన్సు నిబంధనలున్నాయి. తన పనికి అవి వర్తిస్తాయో లేదో రేంజి కార్యాలయంలో విచారించిన తరువాతే అడ్వాన్సు ఇవ్వడం వివేకం.

చేయదలచిన పనుల జాబితా, కోయదలచిన చెక్క గరిష్ఠ ఎత్తు, ఇంటి కరెంటు వివరం ఒక కాగితం మీద రాసుకుని కొట్టుకు వెళ్ళండి. అప్పుడు ఏ మిషను కొనాలో కొట్టువాడు కాదు, మీ కాగితమే చెబుతుంది.