సేఠ్‌ని గంట అడగడం ఎలా?

సూరత్‌లోని పాండేసర జీఐడీసీలో డైయింగ్ మిల్లుకి రాత్రీ పగలూ తేడా లేదు. పన్నెండు గంటల షిఫ్టు దిగేవాళ్లు దిగుతుంటారు, ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు, స్టెంటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అలాంటి చోట కంప్యూటర్లు చూసే కుర్రాడు వెళ్లి "సేఠ్, అప్‌డేట్లున్నాయి, అన్నీ గంటసేపు ఆపాలి" అంటే ఏం సమాధానం వస్తుందో, లింబాయత్ నుంచి పొద్దున్నే బండేసుకొచ్చే మన తెలుగు పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. నాన్న పవర్‌లూమ్ దగ్గర నిలబడి చదివిస్తే కంప్యూటర్ కుర్చీ దాకా వచ్చినవాళ్లు వీళ్లలో ఎందరో. పని వచ్చు. అడగడం దగ్గరే నోరు పెగలదు.

అప్‌డేట్ల నిర్వహణలో సగం అడగడమే. మిగతా సగం సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

అడగకుండా నెట్టుకొస్తే ఏమవుతుందో 2017లో చూశాం. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. మే 12న వనాక్రై అనే రాన్సమ్‌వేర్ అదే లోపంలోంచి దూరింది. మధ్యలో దాదాపు రెండు నెలల గడువు. ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 కంప్యూటర్లే. వాటికి ప్యాచ్ అప్పటికే సిద్ధంగా ఉంది, వేసినవాళ్లు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకూ ఆ సెగ తగిలింది.

అలాగని వచ్చినదాన్ని వచ్చినట్టే అన్నిటికీ ఎక్కించేస్తే? 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో మొరాయించాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

బద్ధకానికీ తొందరకీ మధ్య దారి మీ మిల్లులోనే ఉంది. ల్యాబ్ డిప్ చూడకుండా వేల మీటర్ల గుడ్డని ఎవరైనా రంగులో ముంచుతారా? చిన్న ముక్క తీసి, షేడ్ కుదిరిందో లేదో చూసి, పార్టీ సరేనన్నాకే లాట్ ఎక్కిస్తారు. అప్‌డేట్‌కీ అంతే. మొదట మీ సొంత కంప్యూటర్. రెండు రోజులాగి, కాసేపు ఆగినా కొంప మునగని మూడు నాలుగు కంప్యూటర్లు. వారం తర్వాత మిగతావి. అందరికన్నా చివర చలాన్లు కొట్టే బిల్లింగ్ కౌంటర్. "సేఠ్, ల్యాబ్ డిప్ వేసి చూశాను, బాగానే ఉంది" అనండి. రీస్టార్ట్, సర్వర్, ప్యాచ్ అంటూ పావుగంట ఉపన్యాసమిచ్చినా రాని అనుమతి ఆ ఒక్క ముక్కతో రావచ్చు. పైగా రిస్కు ముందు మీ కంప్యూటర్ మీదే తీసుకున్నారని ఆయనకు అర్థమవుతుంది. వ్యాపారి దానికి విలువ కడతాడు.

ఆయన అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతసేపు? చెడిపోతే? మొదటిదానికి ముప్పావుగంట పడుతుందనిపిస్తే గంట అడగండి, ముప్పావుగంటలో తిరిగివ్వండి. రెండోదానికి "బ్యాకప్ ఉంది" అనడం చాలదు. దాంట్లోంచి ట్యాలీ డేటా నిజంగా వెనక్కి తీసి, తెరిచి చూసి ఉండాలి. తెరవని బ్యాకప్ మీద నాకైతే నమ్మకం లేదు.

తేదీలు ముందే తీసుకోండి. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తోంది. మనకది రాత్రి పదిన్నర, పదకొండున్నర మధ్య, అంటే పని బుధవారం మొదలు. ఆ మంగళవారం 8, 14 తేదీల మధ్య పడుతుంది. జీఎస్టీఆర్-1కి సాధారణంగా గడువు 11, 3బీకి 20. ఆ తేదీల్లో లెక్కలు చూసే మెహతాజీ కంప్యూటర్ జోలికి వెళ్లినవాణ్ని దేవుడు కూడా కాపాడలేడు. ఏడాది తేదీలన్నీ ఒకేసారి రాసి సేఠ్ వెనకున్న క్యాలెండర్‌లో గుర్తుపెట్టించండి. ఇక నెలనెలా అడుక్కోనక్కర్లేదు, గుర్తుచేస్తే చాలు. అప్పుడప్పుడూ తేదీ దాకా ఆగలేని ప్రమాదకరమైన లోపం బయటపడుతుంది. అయినదానికీ కానిదానికీ "అర్జెంట్" అనని మనిషికి ఆ సాయంత్రమే గంట దొరుకుతుంది.

పనిముట్ల సంగతి కొంచెమే. ఏ గదిలో ఏ కంప్యూటరుందో, దాంట్లో ఏముందో తిరిగి చూసి జాబితా రాయండి. ముప్పై నలభై కంప్యూటర్లు విడివిడిగా డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటర్నెట్ కూలబడుతుంది. డబ్ల్యూఎస్‌యూఎస్ ఉంటే ఒకే సర్వర్ తెచ్చి అందరికీ పంచుతుంది. దానికి కొత్త సదుపాయాలు చేర్చబోమని మైక్రోసాఫ్ట్ 2024లోనే చెప్పింది కాబట్టి, కొత్తగా పెట్టేవాళ్లు ఇంట్యూన్ లాంటివి కూడా చూడాలి. ల్యాబ్‌లో రంగు కొలిచే యంత్రానికి తగిలించిన పాత విండోస్ కంప్యూటర్‌ని అప్‌డేట్ చేస్తే ఆ యంత్రమే పలకడం మానేయవచ్చు. దాన్ని కదపకండి. నెట్‌వర్క్ నుంచి విడదీసి, పెన్‌డ్రైవ్‌లు ఆపండి. ఎందుకలా వదిలేశారో రాసి సేఠ్ సంతకం తీసుకోండి.

పెద్ద మార్పులు మాత్రం దీపావళికే. మిల్లులు మూతపడే ఆ రోజుల్లో ఎవరినీ గంట అడగక్కర్లేదు. 2025లో విండోస్ 10కి ఉచిత మద్దతు అక్టోబరు 14తో ముగిసింది, దీపావళి 20న వచ్చింది. ఇంకా మార్చకపోతే సేఠ్‌కి ఖర్చు లెక్క చూపించండి: సంస్థలకు పొడిగింపు మద్దతు ధర తొలి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కి 61 డాలర్లు, మరుసటేడు దానికి రెట్టింపు, మూడో ఏడు మళ్లీ రెట్టింపు. ఆయన ఈ లెక్క మీకన్నా వేగంగా వేస్తాడు.

కనుక దీపావళికి వరంగల్‌కి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు తీసుకునేటప్పుడు, మిల్లు మూసిన రోజుకి కాకుండా మూడో రోజుకి తీసుకోండి. ఇంట్లో ఇప్పుడే చెప్పిపెట్టండి. అక్కడ అనుమతి సేఠ్ దగ్గరకన్నా కష్టం.