హాబీకి ఏడాదికి ఎంత? మన లెక్క ఎక్కడ తప్పుతుంది

గత డిసెంబరు చివర్లో కాకినాడ నుంచి అక్క ఫోన్ చేసింది. అమ్మకు రెండో కంటిలో కూడా శుక్లం ముదిరిందట. జనవరిలో ఆపరేషన్ చేయించేస్తే మంచిదని డాక్టరు చెప్పారట. "ఖర్చు చెరి సగం వేసుకుందాంరా" అంది. "ఈ నెల కష్టమే అక్కా, చేతిలో ఏమీ ఆడటం లేదు" అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, నిజంగానే అలా అనుకున్నాను.

"ఆ టెలిస్కోపు మీద ఏడాదికి ఎంత పెడుతున్నావేంటి?"

"ఎంతో కాదులే, నెలకు ఐదారు వందలు. ఏడాదికి ఏడు వేలుంటుందేమో."

"రాసుకున్నావా?"

రాసుకోలేదు. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, నా దగ్గర పరిశీలనల పుస్తకం ఒకటుంది. ఏ రాత్రి ఎన్ని గంటలకు ఏ నక్షత్ర గుచ్ఛాన్ని చూశాను, గాలి నిలకడగా ఉందా లేదా, మబ్బు ఏ దిక్కున ఉంది, అన్నీ అందులో ఉంటాయి. ఫిజిక్స్ చదువుకున్నవాడిని, కొలవకుండా అంకె చెప్పకూడదని ల్యాబులో నేర్చుకున్నవాడిని. డబ్బు దగ్గరకొచ్చేసరికి మాత్రం గాలిలోంచి ఒక అంకె తీసి అక్కకు చెప్పేశాను.

ఆ రాత్రే బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ చెల్లింపులు, ఆన్‌లైన్ ఆర్డర్లు ముందేసుకుని కూర్చున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. నెలల వారీగా తేలిన లెక్క ఇది: జనవరి 600 రూపాయలు, ఫిబ్రవరి 450, మార్చి 9,800, ఏప్రిల్ 500, మే 700. జూన్, జులై నెలల్లో సున్నా, ఎందుకంటే హైదరాబాదు మీద ఆకాశం మూసుకునే ఉంటుంది. ఆగస్టు 350, సెప్టెంబరు 600, అక్టోబరు 12,400, నవంబరు 6,300, డిసెంబరు 4,300. మొత్తం 36,000. నేను అక్కకు చెప్పిన దానికి దాదాపు ఐదు రెట్లు.

సగటు వేరు, గుర్తుండేది వేరు

పదో తరగతి గణితంలో సగటు, మధ్యగతం, బాహుళకం అని మూడు చదువుకున్నాం. పరీక్ష అయ్యాక మళ్లీ వాటి మొహం చూసినవాళ్లు తక్కువ. పై అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో పెట్టండి. మధ్యలో పడేది 600. ఇది మధ్యగతం. మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చే సగటు 3,000. రెండూ ఒకే ఏడాదికి, ఒకే మనిషికి చెందిన అంకెలే. వాటి మధ్య ఐదు రెట్ల తేడా ఎలా వచ్చింది?

పన్నెండు నెలల్లో ఎనిమిది నెలలు 700 దాటలేదు. ఆ ఎనిమిదీ కలిపితే 3,200 మాత్రమే. మిగిలిన నాలుగు నెలలు 32,800 మింగేశాయి. గ్రాఫు గీస్తే ఎడమ వైపు చిన్న అంకెల గుట్ట, కుడి వైపు దూరంగా సాగిన తోక కనిపిస్తుంది. ఖర్చుకు కింద సున్నా అనే నేల ఉంది, పైన కప్పు లేదు. అందుకే తోక ఎప్పుడూ కుడి వైపుకే సాగుతుంది. ఇలాంటి విభాజనంలో సగటు ఆ తోక లాగిన వైపు జరిగిపోతుంది, మధ్యగతం గుట్ట దగ్గరే ఉండిపోతుంది.

మనసు దేన్ని పట్టుకుంటుంది? చక్ హోవర్డ్, అబిగైల్ సస్‌మన్ తదితరులు 2022లో ప్రచురించిన పరిశోధన దీని మీదే. రాబోయే ఖర్చు ఎంతని అడిగితే మనుషులు తమ మామూలు నెలను, అంటే తరచుగా ఎదురయ్యే అంకెను గుర్తు చేసుకుని చెబుతారు. అది బాహుళకానికి దగ్గరగా ఉంటుంది, సగటుకు కాదు. అందుకే అంచనా తక్కువ వైపే తప్పుతుంది. వాళ్లు ప్రయత్నించిన విరుగుడు చాలా చవకైనది. అంచనా చెప్పే ముందు, "ఈసారి ఖర్చు మామూలుగా ఉండకపోవడానికి మూడు కారణాలు చెప్పండి" అని అడిగారు. అంతమాత్రాన అంచనాలు వాస్తవానికి దగ్గరయ్యాయి.

సస్‌మన్ అంతకు పదేళ్ల ముందు, 2012లో, ఆడమ్ ఆల్టర్‌తో కలిసి చేసిన పని నాకు ఇంకా సూటిగా తగిలింది. పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు వంటి మామూలు ఖర్చులను మనం బాగానే అంచనా వేస్తాం. అరుదైన ఖర్చుల దగ్గర తప్పుతాం. ప్రతి దాన్నీ "ఇది ఈ ఒక్కసారికే" అని విడిగా చూస్తాం. నా మార్చి నెల ఐపీస్ ఈ ఒక్కసారికే. అక్టోబరు కెమెరా ఈ ఒక్కసారికే. నవంబరులో శ్రీశైలం దారిలో ఒక ఊరి శివారు పొలానికి మిత్రులతో వెళ్లిన ప్రయాణం, డిసెంబరులో జెమినిడ్ ఉల్కలు చూడ్డానికి మళ్లీ వెళ్లడం, అవీ ఒక్కసారికే.

దీన్ని సంభావ్యతతో చూస్తే విషయం విప్పారుతుంది. మచ్చుకి, మీ హాబీలో పది రకాల అరుదైన ఖర్చులున్నాయనుకోండి. ఒక్కొక్కటి ఏ నెలలోనైనా వచ్చే అవకాశం పదింట ఒకటే. ఒకదాని రాక మరొకదాని మీద ఆధారపడదు అనుకుందాం. ఒక నెలలో ఏదీ రాకుండా ఉండే అవకాశం 0.9ను పదిసార్లు హెచ్చిస్తే వస్తుంది: సుమారు 0.35. అంటే ప్రతి నెలా 65 శాతం అవకాశంతో ఏదో ఒకటి వచ్చి పడుతుంది. విడివిడిగా ప్రతిదీ అరుదే, కలిపి చూస్తే రాని నెలే అరుదు.

వచ్చే నెల కంటే వచ్చే ఏడాది గురించి చెప్పడమే కష్టమని మనం అనుకుంటాం. గుల్డెన్ ఉల్కుమెన్, మనోజ్ థామస్, విక్కీ మోర్విట్జ్ 2008లో చూపింది దీనికి తిరగబడింది. ఏడాది బడ్జెట్ వేసినవారి అంకెలే వాస్తవానికి దగ్గరగా వచ్చాయి. ఏడాది గురించి మన మీద మనకు అంత నమ్మకం ఉండదు, అందుకని కాస్త పెంచి రాసుకుంటాం. నెల గురించి మాత్రం మహా ధీమాగా ఉంటాం.

నోటు లెక్కపెట్టిన చెయ్యి, క్యూఆర్ చూపిన ఫోను

డబ్బు ఇచ్చే తీరు కూడా గుర్తును మారుస్తుంది. 2001లో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అమెరికాలోని ఎంఐటీలో మేనేజ్‌మెంట్ విద్యార్థులతో బాస్కెట్‌బాల్ టికెట్ల వేలం పెట్టారు. కొందరు నగదుతో, కొందరు క్రెడిట్ కార్డుతో కట్టాలి. అదే టికెట్టుకు కార్డు వాళ్లు పాడిన ధర నగదు వాళ్లు పాడిన దానికి దాదాపు రెట్టింపు. మనకు 2016లో వచ్చిన యూపీఐలో డబ్బు అప్పటికప్పుడే ఖాతాలోంచి పోతుంది కాబట్టి అది కార్డు లాంటిది కాదని వాదించవచ్చు. కానీ ఐదు వందల నోట్లు ఇరవై లెక్కపెట్టి కౌంటరు మీద పెట్టి ఉంటే ఆ ఐపీస్ ధర నాకు డిసెంబరుదాకా గుర్తుండేదని నా గట్టి నమ్మకం.

వాయిదాలది ఇంకో మాయ. కెమెరా ధర 12,400ను వడ్డీ లేని ఆరు వాయిదాల్లో కట్టాను. నెలకు రెండు వేల పైచిలుకు. జాన్ గూర్విల్ 1998లోనే చెప్పాడు: పెద్ద మొత్తాన్ని రోజుకింత అని చిన్న ముక్కలు చేసి చూపిస్తే మనం దాన్ని టీ, కాఫీ వంటి చిల్లర ఖర్చులతో పోల్చుకుంటాం, కాబట్టి ఒప్పుకోవడం సులువవుతుంది. డిసెంబరులో చేతిలో ఏమీ ఆడకపోవడానికి ఒక కారణం ఆ వాయిదానే. అక్కతో మాట్లాడేటప్పుడు అది నా తలలో "హాబీ" కింద లేదు, "బ్యాంకు" కింద ఉంది.

ఇలా ఒకే డబ్బును తలలో వేర్వేరు డబ్బాల్లో వేసుకోవడాన్ని రిచర్డ్ థేలర్ 'మెంటల్ అకౌంటింగ్' అన్నాడు. 2017లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ రావడానికి కారణమైన కృషిలో ఇదీ ఉంది. పొలానికి వెళ్లిన పెట్రోలు "ప్రయాణం" డబ్బాలో పడింది, దారిలో తిన్నది "భోజనం" డబ్బాలో, బ్యాటరీలు "ఇంటి సామాను"లో. ఖర్చులను వాటంతటవే వర్గీకరించే ఫోన్ యాప్‌లు కూడా ఇదే చేస్తాయి. డబ్బు వెళ్లింది పెట్రోలు బంకుకని వాటికి తెలుసు, ఆ పెట్రోలు జెమినిడ్ల కోసమని తెలియదు.

ఇంటర్ ఫిజిక్స్‌లో యాదృచ్ఛిక దోషం, క్రమదోషం అని రెండు చెబుతారు. మొదటిది ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిస్తుంది. ఎక్కువ కొలతలు తీసుకుంటే చాలావరకు రద్దయిపోతుంది. రెండోది సున్నా దగ్గర లేని తూకం ముల్లు లాంటిది. ఎన్నిసార్లు తూచినా ఒకే వైపు తప్పు చూపిస్తుంది. హాబీ ఖర్చులో మన తప్పు రెండో రకం. మరిచిపోయిన పద్దు ఎప్పుడూ మొత్తాన్ని తగ్గిస్తుందే తప్ప పెంచదు. కాబట్టి ముల్లును ముందే సరిచేసుకోవాలి. నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: ఈ హాబీ లేకపోతే ఈ రూపాయి పోయేదా? పోయేది కాదంటే అది హాబీ పద్దే. వాయిదాలైతే మొత్తం ధరను కొన్న రోజే రాస్తున్నాను. నగదు ఖర్చు అదే రాత్రి రాయకపోతే మర్నాటికి మాయమైపోతుంది, అనుభవం మీద చెబుతున్నాను.

రెండు పుస్తకాలు పక్కపక్కన

అసలు ఆశ్చర్యం ఖర్చు జాబితాను పరిశీలనల పుస్తకం పక్కన పెట్టినప్పుడు కలిగింది. ఏడాదిలో నేను టెలిస్కోపు బయటపెట్టింది 24 రాత్రులు. రాత్రికి 1,500 పడినట్టు. ఇది నాకు ఎక్కువ అనిపించలేదు. మార్చిలో 9,800 పోసి కొన్న 6 మిల్లీమీటర్ల ఐపీస్ వాడింది మాత్రం మూడే రాత్రులు.

ఎందుకు మూడే? నా టెలిస్కోపు అద్దం వ్యాసం 150 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 1,200. నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. టెలిస్కోపుతో పాటు వచ్చిన 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో 48 రెట్లు, కొత్తదానితో 200 రెట్లు. కాగితం మీద గొప్పగా ఉంది. ఈ అద్దం సిద్ధాంతపరంగా 0.77 ఆర్క్ సెకన్ల దూరంలోని రెండు చుక్కలను విడదీయగలదు. కానీ నగరం మీది వేడి గాలి కదలికలు మామూలు రాత్రుల్లో బొమ్మను రెండు ఆర్క్ సెకన్లకు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువకు అలికేస్తాయి. అలికిన బొమ్మను ఎంత పెద్దది చేసినా కొత్త వివరమేదీ రాదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. మార్చిలో శనిగ్రహం వలయాల ఫోటో ఒకటి చూసి ఆర్డరు పెట్టేశాను. వాడకాన్ని చూపే పుస్తకం, ఖర్చును చూపే పుస్తకం వేర్వేరుగా ఉన్నంత కాలం ఈ విషయం బయటపడలేదు.

రెండూ ఒకే పుస్తకంలో రాసుకున్నవారు లేకపోలేదు. 1660లలో కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో ఉన్నప్పుడు న్యూటన్ పెట్టుకున్న ఒక చిట్టా పుస్తకం ఇప్పుడు అక్కడి ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉంది. మూడు పట్టకాలకు 3 పౌండ్లు అని ఒక పద్దు. పేకాటలో రెండుసార్లు పోయింది 15 షిల్లింగులు అని ఇంకో పద్దు. పౌండుకు 20 షిల్లింగులు కాబట్టి పేకాటలో పోయింది పట్టకాల ఖర్చులో సరిగ్గా నాలుగో వంతు. కాంతి రంగుల మీద ఆయన చేసిన ప్రయోగాలు అందరికీ తెలుసు. పేకాటను కూడా దాచకుండా రాసుకోవడమే నాకు ఎక్కువ నచ్చింది.

జనవరి నుంచి నా పరిశీలనల పుస్తకంలో ప్రతి రాత్రి వివరాల కింద ఒక గీత గీసి ఖర్చు రాస్తున్నాను. ఏడాదికి 15,000 అని పైన రాసుకున్నాను. మామూలుగా ఉండకపోవడానికి మూడు కారణాలు కూడా రాశాను: కెమెరాకు సరిపడే స్టాండు అడుగుతారు మిత్రులు, డిసెంబరులో జెమినిడ్లు మళ్లీ వస్తాయి, నాకు శని వలయాల ఫోటోలంటే బలహీనత. కారణాలు రాశాక 15,000ను కొట్టేసి 20,000 చేశాను.

6 మిల్లీమీటర్ల ఐపీస్‌ను క్లబ్బులో ఒకాయన 6,000కు తీసుకున్నారు. ఆయనకు ఊళ్లో, ఆరుబయట, నిలకడైన గాలి ఉంది, ఉపయోగపడుతుంది. పుస్తకంలో జమ వైపు పడ్డ మొదటి అంకె అదే. మిగతాది జీతంలోంచి కలిపి అక్కకు నా సగం పంపించాను. అమ్మకు ఆపరేషన్ బాగా జరిగింది. కంటిలో పెట్టిన కటకం ఖరీదెంతని అమ్మ అడిగితే అక్క చెప్పలేదట, నన్ను అడగమందట.