పరాన్నజీవులు - నియంత్రక టీ కణాలు

2025 వైద్య నోబెల్‌ను మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ (అమెరికా), షిమోన్ సకగుచి (జపాన్) పంచుకున్నారు. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేయకుండా అదుపు చేసే నియంత్రక టీ కణాలకు సంబంధించిన పరిశోధన అది. ఈ కణాలను సకగుచి 1995లో గుర్తించారు. వీటి అభివృద్ధికి కీలకమైన జన్యువు ఫాక్స్‌పీ3. ఈ పేరు తప్పక గుర్తుంచుకోవాలి.

పరీక్షల అభ్యర్థులు ఎక్కువగా పట్టించుకోని కోణం పరాన్నజీవులది. చర్మంపై పుండ్లు కలిగించే లీష్మేనియా మేజర్ అనే పరాన్నజీవి శాండ్‌ఫ్లై కాటుతో వ్యాపిస్తుంది. పరిశోధకురాలు యాస్మిన్ బెల్కాయిద్ బృందం 2002లో ఎలుకల్లో చూపిన విషయం నిజంగా ఆశ్చర్యకరం. పుండు మానినా కొన్ని పరాన్నజీవులు చర్మంలో మిగిలే ఉంటాయి. నియంత్రక టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేత ప్రోటీన్ వంటి మార్గాల ద్వారా వాటి పూర్తి నిర్మూలనను అడ్డుకుంటాయి. ఇది లోపంలా కనిపిస్తుంది, కానీ ఆ కొద్దిపాటి పరాన్నజీవులే నిప్పు ఆరకుండా ఉంచే నివురులా రక్షణను నిలిపి ఉంచుతాయి. ఇంటర్‌ల్యూకిన్-10 లేని ఎలుకల్లో పరాన్నజీవి పూర్తిగా తొలగిపోయింది. మళ్లీ సోకితే తట్టుకునే శక్తీ పోయింది!

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తెలిసిన బోదకాలు విషయంలోనూ ఈ కణాల పాత్ర ఉంది. క్యూలెక్స్ దోమ వ్యాప్తి చేసే ఉచరేరియా బ్యాంక్రాఫ్టి అనే పురుగు రక్తంలో ఉన్నా చాలామందిలో లక్షణాలు కనిపించవు. వారిలో నియంత్రక స్పందన బలంగా ఉండి, వాపును అణచి కణజాలాన్ని కాపాడుతుంది. అదే సమయంలో పురుగు ఏళ్ల తరబడి బతకడానికీ తోడ్పడుతుంది.