టక్కుమంటే పూస సర్దుకున్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 41. కుట్టుపని చేస్తాను. నెల కిందట నీళ్ల బిందె ఎత్తబోతే నడుం కుడివైపు పట్టేసింది. ఫిజియోథెరపిస్టు నన్ను పక్కకు పడుకోబెట్టి, భుజం ఒకవైపు, తుంటి ఇంకోవైపు తిప్పి ఒక్కసారిగా నొక్కారు. టక్కుమంది. లేచేసరికి నొప్పి సగం తగ్గింది. నాలుగు రోజులకు మళ్లీ మొదలైంది. పూస మళ్లీ తప్పిందా? ఇంకోసారి సర్దించుకోవాలా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీ పూస తప్పలేదు, సర్దుకోనూ లేదు. ఆ భయం వదిలేయండి. వెన్నుపూసలను డిస్కులు, లిగమెంట్లు గట్టిగా పట్టి ఉంచుతాయి. ఆ చప్పుడంటారా, కీలులోని ద్రవంలో ఒత్తిడి చటుక్కున తగ్గి గ్యాస్ బుడగ ఏర్పడినప్పుడు వచ్చేది. చప్పుడు రాకపోయినా ఉపశమనం కలగొచ్చు.

మరి నొప్పెందుకు తగ్గిందంటే, కొంత కారణం కండరాల్లో ఉంది. వెన్నెముకను ఆనుకుని రెండు పక్కలా లోతుగా మల్టిఫిడస్ అనే కండరం ఉంటుంది. పూసల మధ్య కదలికను అదుపులో ఉంచడంలో దీనిది పెద్ద పాత్ర. నడుం పట్టేసినప్పుడు పైనున్న పెద్ద కండరాలు బిగుసుకుంటాయి. ఇది మాత్రం నొప్పి ఉన్న వైపే మందగించి సన్నబడుతుంది. ఆస్ట్రేలియాలో జూలీ హైడ్స్ బృందం 1990ల్లో అల్ట్రాసౌండ్‌తో ఈ సంగతి చూపింది. నొప్పి పోయినా కండరం తనంతట తాను కోలుకోలేదు. దానికోసమే వ్యాయామం చేసినవారిలో కోలుకుంది, వాళ్లలో నొప్పి తిరగబెట్టడమూ తగ్గింది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉందని నా నమ్మకం.

నడుం నొక్కగానే కండరాల్లో సాగుదలను పసిగట్టే నాడుల నుంచి వెన్నుపాముకు సంకేతాలు వెళ్తాయి. సెకను లోపే వీపు కండరాలు స్పందిస్తాయి, కొందరిలో బిగువు సడలుతుంది. ఇలా నొక్కించుకున్నాక, బోర్లా పడుకుని చెయ్యెత్తినప్పుడు మల్టిఫిడస్ మునుపటికన్నా బాగా ఉబ్బినవారు రోజువారీ పనుల్లోనూ ఎక్కువ తేరుకున్నారని అమెరికాలో 2011లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. ఇది అందరిలోనూ జరగదు, జరిగినా ఎక్కువకాలం నిలవకపోవచ్చు. మీకు నాలుగు రోజులకే తిరగబెట్టడం వింతేమీ కాదు.

కావాలంటే మరో ఒకట్రెండు సార్లు చేయించుకోండి, తప్పులేదు. కానీ తేలికపడిన ఆ రోజుల్లోనే వ్యాయామం మొదలుపెట్టాలి. బోర్లా పడుకుని, వేలికొనలను నడుం మధ్య గీతకు కాస్త పక్కగా ఆనించండి. ఊపిరి బిగపట్టకుండా, నడుం కదల్చకుండా, వేలి కింది కండరాన్ని మెల్లగా ఉబ్బించండి. అది నిదానంగా గట్టిపడాలి, ఎగిరిపడకూడదు. పది సెకన్లు ఉంచి వదలండి, పదిసార్లు చేయండి. మొదట్లో కుడివైపు సరిగా అందదు, విసుగెత్తి మానేయకండి. పట్టు చిక్కాక పిల్లలు పాకే భంగిమలో ఒక చెయ్యి, దానికి ఎదురు కాలు చాపడం ఫిజియోథెరపిస్టు దగ్గరే నేర్చుకోండి. మిషను ముందు నుంచి అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

ఎముకలు గుల్లబారినవారు, క్యాన్సర్ ఉన్నవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు డాక్టరుకు చూపించుకోకుండా నడుం నొక్కించుకోకూడదు. కాలిలో బలం తగ్గినా, మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా, అదుపు తప్పినా ఎవరిచేతా నొక్కించుకోకుండా ఆ పూటే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.