గళ్ళ లెక్క

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో మిరపతోట వేయు రైతు నారు నాటుటకు ముందు పొలమున నిలువుగను, అడ్డముగను అచ్చు తోలును. గీతలు కలిసిన చోట ఒక్కొక్క మొక్కను నాటును. అచ్చు ఎడము పెంచినచో అవే నూరు మొక్కలు ఎక్కువ నేలను ఆక్రమించును. తగ్గించినచో కొద్ది నేలలోనే ఇముడును. మొక్కల సంఖ్య మారదు. ఎడము మాత్రమే మారును. క్రాస్ కుట్టులోని కిటుకు కూడ ఇదియే.

నేతలో పడుగు, పేక కలిసి ఏర్పడు గడిలో మూలనుండి మూలకు రెండు కుట్లు ఒకదానిపై నొకటి వేసినచో గుణకారపు గుర్తు వంటి కుట్టు ఏర్పడును. ఇట్టి కుట్లను వరుసగా కూర్చి చిలుకలను, పూలతీగలను రూపొందింతురు. పల్నాటి తండాలలో లంబాడీ స్త్రీలు అద్దములు, గవ్వలు పొదిగి చేయు పనితనములోను ఈ కుట్టు కనిపించును.

విద్యార్థులారా! నమూనా కాగితము గళ్ళ సంఖ్యను చెప్పునే గాని అంగుళములను చెప్పదు. అంగుళములను నిర్ణయించునది గుడ్డ. కావున గళ్ళ సంఖ్యను, గుడ్డలో అంగుళమునకు గల గళ్ళతో భాగింపవలెను.

ఒక బాలిక చిలుకల జంటను కుట్టి పటము కట్టింపదలచినదనుకొందము. నమూనా వెడల్పు 112 గళ్ళు, ఎత్తు 84 గళ్ళు. అంగుళమునకు 14 గళ్ళున్న గుడ్డపై అది 8 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల ఎత్తు వచ్చును. పటము కట్టుటకు నలువైపుల రెండేసి అంగుళములు విడువవలెను గనుక 12 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల ఎత్తు గల గుడ్డ కావలెను. 16 గళ్ళ గుడ్డపై అదే బొమ్మ 7 అంగుళముల వెడల్పు, ఐదుంబావు అంగుళముల ఎత్తునకు తగ్గును.

ఆమె తల్లి మిరపకోతల కూలిలో మిగిల్చి కొనిన ముక్క 12 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల ఎత్తు గలదే. కాని అది 11 గళ్ళ మోటుగుడ్డ. దానిపై బొమ్మ వెడల్పు 10 అంగుళములు దాటును. ప్రక్కల ఒక్కొక్క అంగుళమైనను మిగులదు. లెక్క చూడక మొదలిడినచో నెలల శ్రమ, తల్లి కూలి రెండును వ్యర్థమగును. మరి మార్గమేమి? బొమ్మ చుట్టును 12 గళ్ళ మేర నున్న తీగ అంచును విడిచినచో వెడల్పు 88 గళ్ళు, ఎత్తు 60 గళ్ళు మిగులును. అపుడు బొమ్మ సరిగా 8 అంగుళముల వెడల్పున, సుమారు ఐదున్నర అంగుళముల ఎత్తున వచ్చును. చిలుకలు చెడవు, గుడ్డయు చాలును.

బొమ్మను పెద్దది చేయుటకు రెండు దారులు కలవు. ఒక్కొక్క కుట్టును ఒక గడికి బదులు రెండేసి గళ్ళపై వేయుట మొదటిది. కుట్ల సంఖ్య పెరుగదు. కాని కుట్టు పెద్దదగును గనుక దారపు పోగులు పెంచవలెను. నమూనాలోని ఒక్కొక్క గడికి నాలుగేసి కుట్లు వేయుట రెండవది. ఇందు వెడల్పు, ఎత్తు రెండింతలగును, శ్రమ నాలుగింతలగును.

చేమగ్గపు గుడ్డ విషయమున మరియొక జాగ్రత్త కావలెను. అంగుళమునకు పడుగు 28 పోగులు, పేక 24 పోగులు ఉన్నవనుకొనుడు. రెండేసి పోగులపై కుట్టినచో 84 గళ్ళ వలయము 6 అంగుళముల వెడల్పు, 7 అంగుళముల ఎత్తు వచ్చి కోడిగ్రుడ్డు ఆకారము దాల్చును. ఎత్తున 72 వరుసలే ఉంచినచో వలయము గుండ్రముగా నిలుచును. అందుచే పోగులను రెండు దిక్కులను లెక్కింపవలెను. నూలుగుడ్డ ఉతికిన ముడుచుకొనును గనుక ముందుగా తడిపి ఆరవేయవలెను. పిదప గుడ్డను రెండు మారులు మడచి, నడిమి నుండి కుట్టు మొదలిడవలెను.

చీరాలలో తేలియా రుమాళ్ళు నేసిన నేతగాండ్రు నూలు మగ్గమెక్కక పూర్వమే పోగులు లెక్కించి, కట్లు కట్టి, రంగులు అద్దెడివారు. తెలంగాణములోని పుట్టపాకలో ఆ విద్య నేటికిని నిలిచియున్నది. లెక్క తప్పినచో ఆ నేతలో పువ్వు చెదరును. సూది పట్టువారికిని అదియే నీతి. కత్తెర పడిన గుడ్డ తిరిగి పెరుగదు. కావున మొదట లెక్క, పిదప కత్తెర, ఆ పిదప సూది.

ప్రశ్నలు
1. అచ్చు తోలుటకును, క్రాస్ కుట్టునకును గల పోలిక యేమి?
2. 96 గళ్ళ వెడల్పు గల నమూనా 12 గళ్ళ గుడ్డపై ఎన్ని అంగుళములు వచ్చును? 16 గళ్ళ గుడ్డపై ఎన్ని?
3. పోగులను రెండు దిక్కులను ఏల లెక్కింపవలెను?